బెల్లం బుక్కు

సువార్తమ్మను మిల్లు గేటు బయట నిలబెట్టింది నేనే. కాబట్టి ఈ కథ చెప్పే హక్కు నాకు ఉందో లేదో మీరే తేల్చండి. మీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లున్నారు, కాలేజీ సంచులతో వచ్చినవాళ్లున్నారు. ముందు వినండి. తిట్టాలనిపిస్తే ఆఖర్న తిట్టండి, నేనేమీ అనుకోను.

ఆదోనిలో ఒక నూలు మిల్లు. పేరు చెబితే పరువు నష్టం దావా వేస్తారు, ఆ విద్యలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఆ మిల్లు గేటు దగ్గర పదకొండేళ్లు గుమాస్తాగా చేశాను. నా పేరు అమర్‌నాథ్. కార్మికులకు మాత్రం బుక్కు సారుని. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి పోయారు అన్నది నా బుక్కుల్లో ఉంటేనే నిజం. లేకపోతే మనిషి ఎదురుగా నిలబడి దగ్గుతున్నా రానట్టే.

ఆ సోమవారం పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పెద్దకడుబూరు వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. ఆడవాళ్లు దిగారు. వాళ్ల వెనక సువార్తమ్మ దిగింది, మూడు నెలల తర్వాత. మనిషి సగమైంది కానీ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇ.ఎస్.ఐ. డాక్టరు రాసిన కాగితం.

"ఏం బుక్కు సారూ, బాగుండావా? ఇదో, డాక్టరమ్మ రాసిచ్చినాది. ఇంక పనికి పోవచ్చంట. దుమ్ము ల్యాని తావులో ఏమన్నా పనియ్యమని గూడా రాసినాదంట."

నా టేబుల్ మీద శనివారం నాడే ఆఫీసు నుంచి వచ్చిన చీటీ ఉంది. 'సువార్తమ్మ, మిక్సింగ్ విభాగం. చెప్పకుండా తనంతట తానే పని మానేసింది. లోపలికి పంపరాదు.'

"నీ పేరు లేదమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకుంది. "ల్యాకుండా యాడికి పోతాదప్పా? పద్నాలుగేండ్లు ఈడనే ఉండె గదా!"

"లేదమ్మా. నువ్వే మానేసినావని రాసినారు."

"నేనా? నేను సెలవు సీటీ నీ సేతికే ఇస్తి గదా?"

ఇచ్చింది. నా చేతికే ఇచ్చింది. నేను వాచ్‌మన్ వైపు చూశాను. వాడు గేటు మూసేశాడు. ఆమె మట్టిలో కూలబడి దగ్గడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు లోపలికి పోయారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే పూట కూలి కోస్తారు, ఆగితే ఎట్లా? షమీమ్ అనే అమ్మాయి మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మిక్సింగ్ గదిలో సువార్తమ్మ పక్కన నిలబడి పత్తి బేళ్లు విప్పేది ఆమే.

ఇప్పుడు బెల్లం సంగతి చెప్పాలి.

పత్తి దుమ్ము గొంతులో నిలబడుతుంది. షిఫ్టు అయ్యాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దిగిపోతుందని మిల్లు మనుషుల నమ్మకం. డాక్టర్లు ఏమంటారో నాకు తెలియదు. మా మిల్లులో బెల్లం ఊరికే రాలేదు. అప్పటికి అయిదేళ్ల కిందట సువార్తమ్మ ముందుండి ఆడవాళ్లను గేటు దగ్గర రెండు రోజులు కూర్చోబెట్టింది. జీతం పెంచమన్నారు, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టమన్నారు, బెల్లం ఇమ్మన్నారు. మొదటి రెండూ గాలికి పోయాయి. బెల్లం వచ్చింది. మనిషికి రోజుకు నిమ్మకాయంత ముక్క. ఆ మిల్లు పుట్టాక కార్మికులు గెలిచింది అదొక్కటే.

తర్వాత ముక్క చిన్నదైంది. మేస్త్రీ రంగప్ప ఇంటికి దిమ్మలు పోతున్నాయని గుసగుసలు. అప్పుడు సువార్తమ్మే ఆఫీసు ముందు నిలబడి అడిగింది. "ఎవురికిచ్చినారో బుక్కులో రాయండి. ఏలిముద్ర ఏసి తీస్కుంటాం. సంతకమైతే ఎవుడన్నా గీకుతాడు. ఏలు దొంగతనం సేసేకి కాదు." ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. బుక్కు నా టేబుల్ మీదికి వచ్చింది. ఆ రోజు నుంచి రంగప్ప దొంగతనం ఆగింది. కార్మికులు అడిగి పెట్టించుకున్న బుక్కు అది. గుర్తుంచుకోండి.

రెండేళ్లు గడిచాయి. ఎక్కడో ఒక మిల్లు జబ్బు చేసిన మనిషిని తీసేసి కోర్టులో ఓడిపోయిందట. మా సావుకారి చంద్రమౌళికి నిద్ర పట్టలేదు. ఆయన పూజ చేయకుండా కాఫీ తాగడు, ఎవరినీ 'నువ్వు' అని కూడా అనడు. బెంగళూరు నుంచి ఒక సలహాదారును పిలిపించాడు. తేజస్వి మేడం. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, గొంతు పెంచడం ఆమెకు తెలియదు. ఆఫీసు గదిలో సావుకారి, ఎమ్మిగనూరు మిల్లు చూసే ఆయన తమ్ముడు, మూల స్టూలు మీద రాసుకోవడానికి నేను.

"మీరు ఎవరినీ తీసెయ్యకండి సార్," అందామె. "తీసేస్తేనే కేసు. వాళ్లే రాకుండా పోయినట్టు ఉండాలి. సెలవు అడిగితే లేదనకండి. ఇచ్చినట్టు రాసి కూడా ఇవ్వకండి. ఆరోగ్యం చూసుకోమ్మా అని పంపండి. చీటీ తీసుకోండి, అందినట్టు సంతకం పెట్టకండి."

"అంతేనా?" అన్నాడు సావుకారి.

"ఇంకొకటి. జబ్బు పనివల్ల వచ్చిందన్న మాట పుట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్నామని వాళ్లే రోజూ చెప్పినట్టు ఉంటే మంచిది. రోజూ అందరూ సంతకం పెట్టే కాగితం ఏదైనా ఉందా?"

సావుకారి తల గోక్కున్నాడు. తమ్ముడు గోక్కున్నాడు. మూలనున్న నాకు నోట్లో నువ్వుగింజ నానలేదు. "బెల్లం బుక్కు ఉంది మేడం," అన్నాను.

ఎవరూ నన్ను అడగలేదు. మెచ్చుకుంటారని చెప్పాను. అంతకు మించి కారణం లేదు. ఆమె నా వైపు చూసి, "గుడ్" అంది. ఆ ఒక్క మాటకు నా ఒళ్లు పొంగింది. థూ!

వారంలో బుక్కు మారింది. పేజీ పైన ఇంగ్లీషులో నాలుగు లైన్లు అచ్చయ్యాయి. 'నేను ఈ రోజు ఆరోగ్యంగా ఉన్నాను. నాకు దగ్గు, ఆయాసం, ఏ ఊపిరితిత్తుల జబ్బూ లేవు. ఇక్కడి పనివల్ల నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. నా ఇష్టపూర్వకంగా వేలిముద్ర వేస్తున్నాను.' దాని కింద పేర్లు, వేలిముద్రలు. అట్లాంటి బుక్కే ఎమ్మిగనూరికీ పోయింది. అక్కడా బెల్లం మొదలుపెట్టారు. అక్కడివాళ్లు అడగకుండానే వచ్చిందని సంతోషపడ్డారట.

మొదటి రోజు సువార్తమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది. "ఈ గీతలేంటియప్పా?"

"మిల్లు పేరు, అడ్రసు," అన్నాను.

ఆమె వేలిముద్ర వేసి, బెల్లం తీసుకుని, దగ్గుకుంటూ ఆటో ఎక్కింది. రెండేళ్లు అట్లాగే ఎక్కింది.

గేటు మూసిన తర్వాత ఆమె ఊరికే ఉండలేదు. షమీమ్ ఉండనివ్వలేదు. "అక్కా, పని పోతే ఇ.ఎస్.ఐ. కార్డు పోతాది. కార్డు పోతే మందులు పోతాయి. కూలబడితే ఎట్ల?" అని వెంటబెట్టుకుని కార్మిక శాఖలో అర్జీ పెట్టించింది. వాయిదా మీద వాయిదా. ప్రతి వాయిదాకూ షమీమ్ ఒక పూట పని పోగొట్టుకుంది. సువార్తమ్మ ఆ ఆఫీసులో రెండు మెట్లకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుని పైకి ఎక్కేది. ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా కార్డు ఆగిపోయింది.

ఆఖరి వాయిదా రోజు మిల్లు తరఫున బుక్కు పట్టుకుని నేను పోయాను. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. సువార్తమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు, నీళ్లు ఇప్పించాడు. తర్వాత బుక్కు తెరిచాడు.

"ఈ వేలిముద్రలు నీవేనా అమ్మా?"

"నావే సారూ," అంది ఆమె, గర్వంగా. "దినాము ఏసినా. పనికి వచ్చిన దినం ఒకటి గూడా తప్పలే. కావల్లంటే పోల్చి సూడండి."

మిల్లుకు ఎంత నమ్మకంగా వచ్చేదో ఆ బుక్కే చెబుతుందని ఆమె ధీమా. అధికారి పేజీలు తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఆ పైన అచ్చు వేసిన నాలుగు లైన్లను మెల్లగా తెలుగులో చదివి వినిపించాడు.

షమీమ్ లేచి నిలబడింది. "అది బెల్లం బుక్కు సారూ! బెల్లానికి ఏసినాము!"

"అయి ఉండొచ్చు తల్లీ. కాగితం మీద అట్లా లేదు. ఈమెకు జబ్బు ఉందని డాక్టరమ్మ రాసింది, నిజమే. ఆ సంగతి మిల్లుకు చెప్పినట్టు కాగితం ఏదీ?"

సువార్తమ్మ ఆయన్ను చూడలేదు. నన్ను చూసింది. కోపంగా కూడా కాదు. ఏదో అర్థం కానట్టు చూసింది.

"అడ్రసంటివి గదప్పా," అంది.

జబ్బని ఆమె ఇచ్చిన సెలవు చీటీ సావుకారి సొరుగులో ఉందని నాకు తెలుసు. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇంట్లో అమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఉద్యోగం పోతే ఎట్లా అనుకున్నాను. మనలాంటివాళ్లందరికీ ఇట్లాంటి సాకు ఒకటి జేబులో ఉంటుంది. అర్జీ కొట్టేశారు. పైకోర్టుకు పోవచ్చని అధికారి అన్నాడు. పైకోర్టు మాట దేవుడెరుగు, కింది మెట్లు దిగడానికే ఆమెకు ఊపిరి చాల్లేదు. షమీమ్ ఎత్తుకున్నట్టుగా దించింది.

మాఘమాసం వెళ్లేలోగా సువార్తమ్మ చనిపోయింది.

సమాధి చేసిన సాయంత్రం వాళ్ల ఊళ్లో, చర్చి ముందర, మిల్లు మనుషులంతా కూర్చున్నారు. నేనూ పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. అబ్రహాం పాస్టరు ప్రార్థన ముగించాక షమీమ్ లేచింది.

"ఆ బుక్కులో మన ఏలిముద్రలు గూడా ఉండాయి. ఇయ్యాల అక్క. రేపు ఎవురు? దగ్గు ల్యానోళ్లు సెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. ఎవరో దగ్గారు కూడా.

నేను లేచాను. అంతా చెప్పాను. తేజస్వి మేడం, మూల స్టూలు, నేను అన్న మాట, సొరుగులో చీటీ. కొట్టి చంపుతారనుకున్నాను. మిల్లులో బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసే ముసలి మాదన్న దగ్గరికి వచ్చి, నా మొహంలోకి చూసి, పక్కకు ఉమ్మేసి పోయి కూర్చున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

"రేపట్నుంచి బెల్లం వద్దు. ఏలిముద్రా వద్దు," అంది షమీమ్.

మేస్త్రీ రంగప్ప లేచాడు. "వద్దంటే పనే వద్దన్నట్టు. సావుకారి నోరిప్పడు. పేరు కొట్టేస్తాడు. మీ ఇండ్లల్లో పొయ్యి ఎవుడు రాజేస్తాడు, నువ్వా?"

"నువ్వు గమ్మునుండన్నా. దిమ్మలు మింగినోనివి నువ్వు."

"మింగినా. అవును. అయితే అబద్దం సెప్తాండానా?"

అబద్ధం కాదు. అదే బాధ. మాదన్న నేల మీద నుంచే మాట్లాడాడు. "ఆ బెల్లం కోసం సువార్తమ్మ రెండు దినాలు ఎండలో కూసుండె. అది వద్దంటే ఆమె గెల్చింది గూడా వాళ్లకే ఇడిసినట్టు గాదా?"

"గెల్చింది వాళ్లెప్పుడో గుంజుకొన్యారు తాతా," అంది షమీమ్. "మన నోట్లో తీపి పెట్టి మన ఏలు కోసుకొన్యారు."

వాదన చాలాసేపు సాగింది. కొందరు ఏడ్చారు. కొందరు లేచి ఇళ్లకు పోయారు. తీర్మానం అంటూ ఏదీ జరగలేదు. ఇట్లాంటి కథల్లో అందరూ ఒక్కసారిగా పిడికిలి ఎత్తుతారని మీరు విని ఉంటారు. అక్కడ అట్లా జరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు దిగింది. బెల్లం గంప, బుక్కు, ఇంకు ప్యాడు నా టేబుల్ మీద ఉన్నాయి. ముందు షమీమ్ వచ్చింది. చేతులు కొంగులో చుట్టుకుని టేబుల్ దాటి పోయింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత నలుగురు వేలిముద్ర వేశారు, తల ఎత్తకుండా. మళ్లీ ఒకామె దాటి పోయింది. మాదన్న టేబుల్ ముందు ఆగి, గంపలోకి చూసి, చూసి, వేలిముద్ర వేశాడు. బెల్లం తీసుకోలేదు. ఆయన ఏమనుకుని అట్లా చేశాడో ఈ రోజుకీ నాకు తెలియదు. అరవై మందిలో పదకొండు మంది వేలు పెట్టలేదు. అంతా ఆడవాళ్లే.

మూడో రోజుకు ఆ పదకొండు పేర్ల చీటీ వచ్చింది. 'తమంతట తామే పని మానేశారు.' పన్నెండో పేరు నాది. సావుకారి నన్ను పిలిచి కాఫీ ఇప్పించాడు. "మీరు మానేస్తున్నట్టు తెలిసింది అమర్‌నాథ్ గారూ. మీ ఇష్టం," అన్నాడు. అడగడానికి నాకు మాత్రం ఏముంది? నేనూ మూడేళ్లు రోజూ బెల్లం తిన్నాను. ఆ నాలుగు లైన్ల కింద నా వేలిముద్రా ఉంది. గొయ్యి తవ్వినవాడు గట్టు మీద ఉన్నాననుకున్నాడు, అంతే తేడా.

మళ్లీ అర్జీలు పెట్టారు. మళ్లీ వాయిదాలు. మిల్లు ఒక్క గంట కూడా ఆగలేదు. తుగ్గలి వైపు నుంచి కొత్త ఆడవాళ్లు వచ్చారు. కొత్త బుక్కు కూడా వచ్చింది. ఈసారి ఆ నాలుగు లైన్లు తెలుగులోనే ఉన్నాయట. దాచాల్సిన పని కూడా లేకపోయింది. కడుపు చేతపట్టుకుని వచ్చినవాళ్లు చదివి కూడా వేలు పెడతారని సావుకారికి తెలుసు.

అప్పుడు షమీమ్ ఎమ్మిగనూరు మాట ఎత్తింది. "ఆడ ఉండేటోళ్లకు ఆ బుక్కులో ఏముందో ఎవురూ సెప్పల్యా. మనకు గూడా ముందే ఎవురన్నా సెప్పింటే?" పాత పేజీని ఫోన్లో ఫొటో తీసి పెట్టాను నేను. నా జన్మలో చేసిన మంచిపని అదొక్కటి. పదకొండు మంది బస్సెక్కారు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెనక సీట్లో కూర్చున్నాను.

రెండు గంటలకు ఆ మిల్లు దగ్గర అచ్చం మా గేటే కనపడింది. అదే గంప, అదే ప్యాడు, టేబుల్ వెనక నాలాంటివాడే ఒకడు. ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. షమీమ్ వరుస పక్కన నిలబడి, తెలుగులో నేను రాసిచ్చింది గట్టిగా చదివింది. దగ్గు లేదు. ఆయాసం లేదు. పనివల్ల ఏ ఇబ్బందీ లేదు. తర్వాత సువార్తమ్మ పేరు చెప్పింది.

వరుస ఆగింది. ముందున్న ఒక పెద్దామె వేలికి అప్పటికే ఇంకు అంటుకుని ఉంది. ఆమె గుమాస్తాను అడిగింది. "నిజమేనాప్పా? అట్లనే ఉండాదా దాంట్లో?"

అతను బుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"సెయ్యి తీసి సదువు సారూ."

అతను చదవలేదు. నాకు అతని మీద కోపం రాలేదు, నన్ను నేను చూసుకున్నట్టు ఉంది. ఆ పెద్దామె ఇంకు వేలిని గేటు గోడకు తుడిచింది. బెల్లం ముట్టకుండా బయటికి వచ్చింది. ఆమె పేరు ఇందిరమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె వెనక ముగ్గురు వచ్చారు. మిగతావాళ్లు వేలిముద్ర వేశారు. వేస్తూ ఏడ్చినవాళ్లున్నారు, వేసి మా వైపు చూడలేకపోయినవాళ్లున్నారు.

పోలీసు జీపు వచ్చింది. గేటు దగ్గర గలాటా చేశారని ఫిర్యాదు. షమీమ్‌ను, పదిమందిని, ఇందిరమ్మను ఎక్కించారు. నన్నూ, ఆ ముగ్గురినీ పట్టించుకోలేదు. నేను పరుగెత్తుకుంటూ స్టేషన్‌కు పోయాను. బల్ల మీద టైపు చేసిన కాగితాలు పరిచి ఉన్నాయి. ఇంకెప్పుడూ మిల్లు దగ్గరికి పోబోమని రాసి ఉందట. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటరు ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు.

"ఏలిముద్ర ఏసి పోండి. కేసు ల్యాకుండా పంపిస్తాం."

షమీమ్‌కు సంతకం వచ్చు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. అయినా ఆ కాగితం వైపు చూడలేదు. చేతులు కొంగులో చుట్టుకుంది.

"పైన ఏముందో సదువు సారూ."

"నీకు సదువు రాదా?"

"వస్తాది. నీ నోటితో సదువు. అందరికీ ఇనపడేట్ల సదువు."

రైటరు చిరాకుపడ్డాడు, బెదిరించాడు, ఆఖరికి చదివాడు. షమీమ్ అంతా విని, "ఎయ్యను," అంది. రెండో ఆమె ముందుకు వచ్చింది. "పైన ఏముందో సదువు సారూ." ఇందాకే చదివాను కదా అన్నాడు. "అది ఆయమ్మ కాగితం. నాది సదువు." మళ్లీ చదివాడు. "ఎయ్యను." మూడో ఆమె. నాలుగో ఆమె. ఇందిరమ్మ వంతు వచ్చేసరికి రైటరు గొంతు బొంగురుపోయింది. ఆమె బొటనవేలికి మిల్లు ఇంకు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వేలిని పిడికిట్లో దాచుకుంది.

"సదువు సారూ," అంది. "పద్దెనిమిదేండ్లు మిల్లులో సేస్తి. నాకు ఒక కాగితం గూడా ఎవురూ సదివి ఇనిపియ్యల్యా."

ఆ కాగితాల మీద ఒక్క వేలిముద్రా పడలేదు. పన్నెండు మందినీ రిమాండుకు పంపారు. ఇంకా బయటికి రాలేదు. నేను మీ దగ్గరికి వచ్చింది అందుకే.